లోపలి చెవి రోమ కణాల పునరుత్పత్తికి వైరస్ ఆధారిత జన్యు చికిత్స

లోపలి చెవిలో ధ్వనిని, శరీర కదలికలను గ్రహించే జ్ఞాన కణాలను రోమ కణాలు అంటారు. ఇవి నశించినప్పుడు వాటి చోట కొత్తవాటిని పుట్టించడానికి, వ్యాధి కలిగించకుండా మార్చిన వైరస్‌ల ద్వారా కొన్ని జన్యువులను చెవిలోకి పంపే ప్రయత్నమే రోమ కణ పునరుత్పత్తి జన్యు చికిత్స. ఇది 21వ శతాబ్దం తొలి ఏళ్లలో జంతు ప్రయోగాలతో మొదలై, 2014లో మనుషుల మీద తొలి పరీక్ష దాకా వచ్చింది. వైరస్‌తో చెవికి చేసే జన్యు చికిత్సలు రెండు రకాలు. బతికి ఉండీ పనిచేయని రోమ కణాలకు లోపించిన జన్యువును అందించడం మొదటిది. అసలు లేకుండా పోయిన కణాలను మళ్లీ తయారు చేయడం రెండవది. మొదటిది మనుషుల్లో ఫలితమిచ్చింది. రెండవది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

రోమ కణాల నిర్మాణం, పని

లోపలి చెవిలో వినికిడికి సంబంధించిన భాగం నత్తగుల్లలా చుట్టలు తిరిగిన కాక్లియా. దీన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు కర్ణావర్తం అంటాయి. అందులో పొడవునా సాగే కోర్టి అంగం మీద రోమ కణాలు వరుసలుగా అమరి ఉంటాయి. ఇటలీ శాస్త్రవేత్త అల్ఫోన్సో కోర్టి 1851లో వర్ణించినందువల్ల ఆ అంగానికి ఆయన పేరే వచ్చింది. మనిషి కాక్లియాలో లోపలి రోమ కణాలు ఒక వరుసలో సుమారు 3,500, వెలుపలి రోమ కణాలు మూడు వరుసల్లో సుమారు 12,000 ఉంటాయి. ఒక్కో చెవికి ఉన్న మొత్తం నిల్వ ఇంతే.

ప్రతి రోమ కణం పైభాగాన స్టీరియోసిలియా అనే సన్నని పోగులు ఎత్తు వారీగా మెట్లలా నిలబడి ఉంటాయి. ఒక పోగు కొసను పక్క పోగుతో కలిపే ప్రోటీన్ తంతువులు ఉంటాయి. ధ్వని తరంగం తగిలి పోగులు వంగినప్పుడు ఆ తంతువులు బిగుసుకుని అయాన్ ద్వారాలను తెరుస్తాయి. పోగులు మునిగి ఉండే ఎండోలింఫ్ ద్రవంలో పొటాషియం ఎక్కువ. ఆ ద్రవానికి సుమారు 80 మిల్లీవోల్టుల ధన విద్యుత్ పీడనం కూడా ఉంటుంది. అందువల్ల ద్వారం తెరుచుకోగానే పొటాషియం అయాన్లు కణంలోకి దూసుకొస్తాయి. అప్పుడు లోపలి రోమ కణం అడుగున గ్లూటమేట్ అనే రసాయనం విడుదలై శ్రవణ నాడికి సంకేతం అందుతుంది. శ్రవణ నాడీ తంతువుల్లో దాదాపు 95 శాతం లోపలి రోమ కణాలకే అతుక్కుని ఉంటాయి. వెలుపలి కణాలది వేరే పని. వాటి గోడల్లోని ప్రెస్టిన్ అనే ప్రోటీన్ విద్యుత్ మార్పుకు స్పందించి కణం పొడవును తగ్గిస్తూ, పెంచుతూ ఉంటుంది. ఆ కదలిక బలహీనమైన ధ్వనులను 40 నుంచి 50 డెసిబెల్‌ల మేర పెంచుతుంది. కాబట్టి వినికిడి పూర్తిగా తిరిగి రావాలంటే ఈ రెండు రకాల కణాలూ, వాటి వాటి చోట్లలోనే ఉండాలి.

కాక్లియా మొదలు దగ్గరి కణాలు కీచు ధ్వనులను, కొస దగ్గరి కణాలు మంద్ర ధ్వనులను గ్రహిస్తాయి. రోమ కణాల మధ్య, వాటి కింద ఆధార కణాలు అల్లుకుని ఉంటాయి. పునరుత్పత్తి ప్రయత్నాలన్నింటికీ ముడిసరుకు ఈ ఆధార కణాలే.

రోమ కణాలు నశించే కారణాలు

పెద్ద శబ్దాలు, వయసు మీద పడటం, కొన్ని మందులు, జన్యు లోపాలు, ఇన్ఫెక్షన్లు రోమ కణాలను చంపుతాయి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్ యాంటీబయాటిక్‌లు, క్యాన్సర్ చికిత్సలో వాడే సిస్‌ప్లాటిన్ ఆ మందుల్లో ముఖ్యమైనవి. మైటోకాండ్రియా జన్యు పదార్థంలో ఒక ప్రత్యేక మార్పు ఉన్నవారికి అమైనోగ్లైకోసైడ్ మామూలు మోతాదులో ఇచ్చినా చెవుడు రావచ్చు. సాధారణంగా దెబ్బ ముందు కాక్లియా మొదలు దగ్గర తగులుతుంది. అందుకే కీచు ధ్వనులు, మాటల్లోని హల్లులు ముందుగా వినపడకుండా పోతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇబ్బంది కలిగించే స్థాయిలో వినికిడి కోల్పోయి సహాయం అవసరమైనవారు 43 కోట్లకు పైగా ఉన్నారు. 2050 నాటికి ఈ సంఖ్య 70 కోట్లు దాటుతుందని అంచనా. వీరిలో అత్యధికుల సమస్య లోపలి చెవిలో, ముఖ్యంగా రోమ కణాల నష్టంలో ఉంది.

పక్షులు, చేపలు చూపిన దారి

వెచ్చని రక్తం గల జీవుల్లో రోమ కణాలు తిరిగి పుట్టవని 1980ల దాకా అందరూ నమ్మారు. కోడిపిల్లల చెవులను పెద్ద శబ్దంతోనో మందులతోనో దెబ్బతీసి పరిశీలించిన శాస్త్రవేత్తలకు కొద్ది రోజుల్లోనే అక్కడ కొత్త రోమ కణాలు కనిపించాయి. పక్షుల్లో రోమ కణాలు నిజంగానే తిరిగి పుడతాయని 1988లో సైన్స్ పత్రికలో వెలువడిన రెండు వ్యాసాలు రుజువు చేశాయి. వాటిలో ఒకటి జెఫ్రీ కార్విన్, డగ్లస్ కొటాంచి రాసింది. రెండవది బ్రెండా రయల్స్, ఎడ్విన్ రూబెల్ రాసింది. జీబ్రా చేపల పార్శ్వ రేఖలోనూ రోమ కణాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి.

పక్షుల్లో ఇది రెండు విధాలుగా జరుగుతుంది. కొన్ని ఆధార కణాలు విభజన చెంది, వాటి సంతతిలో కొన్ని రోమ కణాలవుతాయి. మరికొన్ని విభజన లేకుండా నేరుగా రోమ కణాలుగా రూపం మార్చుకుంటాయి. క్షీరదాల కాక్లియా ఈ శక్తిని కోల్పోయింది. పుట్టిన తొలి వారంలోని ఎలుకపిల్లల్లో మాత్రం అది కొద్దిగా మిగిలి ఉంటుంది. శరీర సమతౌల్యాన్ని చూసుకునే యుట్రికిల్ వంటి భాగాల్లో పెద్ద వయసులోనూ కొంత పునరుత్పత్తి సాధ్యమని 1993లో తేలింది.

ఏటోహ్1 జన్యువు

పిండ దశలో ఒక కణం రోమ కణంగా మారాలా, ఆధార కణంగా ఉండిపోవాలా అన్నది ప్రధానంగా ఏటోహ్1 అనే జన్యువు తేలుస్తుంది. ఇది పండ్ల ఈగలో వినికిడి అవయవాలను నిర్మించే ఏటోనల్ జన్యువుకు బంధువు. ఇతర జన్యువులను పనిలోకి దించే నియంత్రక ప్రోటీన్ దీని నుంచి తయారవుతుంది. ఈ జన్యువు లేని ఎలుకల్లో రోమ కణాలు అసలు ఏర్పడవని హుదా జోగ్బీ బృందం 1999లో నిరూపించింది. మరుసటి ఏడాదే, అప్పుడే పుట్టిన ఎలుకల చెవి కణజాలంలో దీన్ని అదనంగా పనిచేయిస్తే అదనపు రోమ కణాలు పుట్టాయని మరో బృందం ప్రకటించింది. జన్యువు లేకుంటే కణం లేదు, జన్యువు అందితే కణం వస్తుంది. ఈ రెండు ఫలితాలూ కలిసి చికిత్స ఆలోచనకు పునాది వేశాయి.

రోమ కణంగా మారుతున్న కణం తన పక్క కణాలను ఆ దారి పట్టకుండా ఆపుతుంది. ఈ అడ్డుకట్టను నాచ్ అనే సంకేత మార్గం నిర్వహిస్తుంది. నాచ్ చురుగ్గా ఉన్న కణంలో హెస్1, హెస్5 జన్యువులు ఏటోహ్1ను అణచివేస్తాయి. ఫలితంగా ఆ కణం ఆధార కణంగానే ఉంటుంది. బయటి నుంచి ఏటోహ్1ను అందించడం, నాచ్‌ను నిరోధించడం అనే రెండు వ్యూహాలు ఇక్కడి నుంచే పుట్టాయి.

వాహకాలుగా వైరస్‌లు

కణంలోకి చొరబడి తన జన్యు పదార్థాన్ని అక్కడ వదలడం వైరస్‌కు సహజమైన నేర్పు. దానిలోని వ్యాధికారక, వృద్ధికారక భాగాలు తీసేసి, ఆ ఖాళీలో కావలసిన జన్యువును అమరిస్తే అది వాహకమవుతుంది. లోపలి చెవి పరిశోధనలో రెండు రకాల వాహకాలు ముఖ్యమైనవి.

మొదటిది జలుబు కలిగించే కుటుంబానికి చెందిన ఎడినోవైరస్. దీని జన్యు పదార్థం సుమారు 36 వేల బేస్ జతల పొడవుంటుంది. కనుక పెద్ద జన్యువులను కూడా మోయగలదు. ఆధార కణాల్లోకి ఇది బాగా చొరబడుతుంది. అయితే రోగనిరోధక వ్యవస్థను బలంగా రెచ్చగొడుతుంది. 1999లో అమెరికాలో కాలేయ సంబంధమైన జన్యు లోపానికి రక్తం ద్వారా ఎడినోవైరస్ ఇచ్చిన ఒక పరీక్షలో 18 ఏళ్ల యువకుడు చనిపోయాడు. ఆ తర్వాత జన్యు చికిత్సల మీద నియంత్రణ కఠినమైంది. ఎడినోవైరస్ తెచ్చిన జన్యువు ఎక్కువ కాలం పనిచేయదు. ఏటోహ్1 విషయంలో ఇది మేలే. ఆ జన్యువు కణాన్ని దారి మళ్లించే దాకా కావాలి, ఆ తర్వాతా ఆగకుండా పనిచేస్తే కొత్త కణం పరిపక్వం కావడానికి అడ్డొస్తుంది.

రెండవది ఎడినో అనుబంధ వైరస్. దీన్ని ఏఏవీ అంటారు. ఇది సుమారు 25 నానోమీటర్ల అతి చిన్న వైరస్. మనుషుల్లో దీనివల్ల వచ్చే వ్యాధి ఏదీ తెలియదు. విభజన చెందని కణాల్లో ఇది చేర్చిన జన్యువు ఏళ్ల తరబడి పనిచేయగలదు. కంటికి, వెన్నుపాము నాడీ కణాలకు సంబంధించి అమెరికాలో 2017, 2019లలో ఆమోదం పొందిన చికిత్సలు దీని మీదే ఆధారపడ్డాయి. దీని పెద్ద పరిమితి చోటు. సుమారు 4,700 బేస్‌లకు మించి ఇది మోయలేదు. ఏఏవీలో అనేక రకాలున్నాయి. ఏ రకం ఏ కణంలోకి వెళ్తుందన్నది దాని ప్రోటీన్ తొడుగును బట్టి ఉంటుంది. సహజ రకాలు చాలావరకు లోపలి రోమ కణాలకే చేరేవి. 2017లో చెవిలో పరీక్షించిన ఆంక్80ఎల్65 అనే కృత్రిమ తొడుగు వెలుపలి కణాలకూ బాగా చేరింది. 2019లో వెలువడిన ఏఏవీ-ఐఈ అనే రకం ఆధార కణాలకు చేరుతుంది. పునరుత్పత్తికి లక్ష్యం ఆధార కణాలే కాబట్టి ఈ రకం వాహకాలకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

వాహకం ఎటు వెళ్లినా జన్యువు మాత్రం కోరిన కణంలోనే పనిచేసేలా ప్రమోటర్ అనే నియంత్రణ భాగాన్ని జోడిస్తారు. మెదడులోని కొన్ని క్యాన్సర్ గడ్డల పెరుగుదలలో ఏటోహ్1కు పాత్ర ఉంది. అందువల్ల ఈ కట్టడి భద్రత రీత్యా కూడా అవసరం.

చెవిలోకి చేర్చే మార్గాలు

లోపలి చెవి కపాలంలోని అతి గట్టి ఎముకలో దాగి ఉంటుంది. రక్తం నుంచి మందులు సులభంగా చేరకుండా దానికి ఒక అడ్డుగోడ ఉంది. అందుకే వాహకాన్ని శస్త్రచికిత్సతో నేరుగా అక్కడే వదలాలి. మధ్య చెవి వైపున్న గుండ్రని గవాక్షపు పొర గుండా సన్నని సూదితో ఎక్కించడం ఎక్కువగా వాడే మార్గం. అర్ధవృత్తాకార నాళానికి చిన్న రంధ్రం చేసి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. ద్రవం కాక్లియా కొస దాకా పారడానికి ఒక చోట ఎక్కించి, మరో చోట బయటికి పోయే దారి ఇస్తారు. ఎక్కించే పరిమాణం మైక్రోలీటర్లలోనే ఉంటుంది. ఒత్తిడి పెరిగితే మిగిలి ఉన్న వినికిడి కూడా పోవచ్చు. చెవి ద్రవానికి, మెదడు చుట్టూ ఉండే ద్రవానికి మధ్య సన్నని దారి ఉన్నందున కొంత వాహకం మెదడు వైపూ వెళ్లే అవకాశం ఉంది.

ఒక విధంగా చెవి ఈ చికిత్సకు అనుకూలమైన అవయవమే. మూసి ఉన్న చిన్న గది కాబట్టి తక్కువ మోతాదు సరిపోతుంది. ఒక చెవికి చికిత్స చేసి, రెండో చెవితో పోల్చి చూడవచ్చు.

జంతు ప్రయోగాలు

మిషిగన్ విశ్వవిద్యాలయంలో యెహోయాష్ రాఫెల్ బృందం ఎడినోవైరస్ ద్వారా ఏటోహ్1ను పెద్ద వయసు గినీ పందుల కాక్లియాలోకి పంపి, కొత్త రోమ కణాలు పుట్టాయని 2003లో ప్రకటించింది. మందులతో చెవుడు తెప్పించిన గినీ పందుల్లో రోమ కణాలు తిరిగి వచ్చాయని, వినికిడి కొంత మెరుగుపడిందని అదే బృందం 2005లో నేచర్ మెడిసిన్ పత్రికలో తెలిపింది. క్షీరదాల చెవుడును కణ పునరుత్పత్తితో తగ్గించవచ్చన్న ఆశకు ఈ ప్రయోగమే ఆధారం.

ఇతర ప్రయోగశాలల్లో అదే స్థాయి ఫలితం స్థిరంగా రాలేదు. కణాలు పుట్టినా వినికిడి పెరగకపోవడం తరచుగా కనిపించింది. జన్యు మార్పిడి ఎలుకల మీద జరిగిన పరిశోధనలు ఒక ముఖ్య కారణాన్ని బయటపెట్టాయి. నవజాత ఎలుకల్లో ఏటోహ్1 ఒక్కటే చాలు. వయసు పెరిగే కొద్దీ ఆధార కణాలు దానికి స్పందించడం మానేస్తాయి. ఎలుకపిల్లకు పుట్టిన పన్నెండు రోజులకు గానీ వినికిడి మొదలవదు. మనిషి శిశువు తల్లి గర్భంలోనే, దాదాపు ఇరవయ్యో వారం నుంచే వినడం మొదలుపెడుతుంది. కనుక నవజాత ఎలుక చెవి గర్భస్థ మానవ శిశువు చెవితో సమానం. అక్కడ వచ్చిన ఫలితం పెద్దల చెవిలో వస్తుందని చెప్పలేం.

మనుషుల మీద తొలి పరీక్ష

ఏటోహ్1 మానవ రూపాన్ని ఎడినోవైరస్‌లో అమర్చిన సీజీఎఫ్166 అనే ఔషధాన్ని జెన్‌వెక్ సంస్థ సహకారంతో నోవార్టిస్ కంపెనీ అభివృద్ధి చేసింది. జన్యువు ఆధార కణాల్లోనే పనిచేసేలా దానికి తగిన ప్రమోటర్‌ను జోడించారు. తీవ్రంగా వినికిడి కోల్పోయిన పెద్దలకు ఒక చెవిలో ఒక్కసారి ఇచ్చే పరీక్ష 2014లో అమెరికాలో మొదలైంది. కాన్సస్ విశ్వవిద్యాలయం అందులో ప్రధాన కేంద్రం. రోమ కణాలను తిరిగి పుట్టించేందుకు మనుషుల్లో జరిగిన మొదటి జన్యు చికిత్స పరీక్ష ఇదే. ఇందులో వినికిడి చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు.

వైరస్ లేకుండా మందులతో ఇదే లక్ష్యం సాధించాలన్న ప్రయత్నాలకూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. నాచ్‌ను నిరోధించే మందుతో ఐరోపాలో జరిగిన రీగెయిన్ పరీక్ష ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. ఫ్రీక్వెన్సీ థెరప్యూటిక్స్ సంస్థ ఎఫ్ఎక్స్-322 అనే మందు మీద పనిని 2023లో నిలిపివేసింది.

ఓటోఫెర్లిన్ చికిత్సతో పోలిక

ఇదే కాలంలో, లోపించిన జన్యువును అందించే మొదటి రకం చికిత్స ముందుకు సాగింది. లోపలి రోమ కణం నుంచి నాడికి గ్లూటమేట్ విడుదల కావడానికి ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ కావాలి. దాని జన్యువు రెండు ప్రతులూ చెడినవారికి పుట్టుకతోనే చెవుడు వస్తుంది. కానీ తొలి ఏళ్లలో వారి రోమ కణాలు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆ జన్యువు సుమారు 6,000 బేస్‌ల పొడవు కాబట్టి ఒక ఏఏవీలో పట్టదు. రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పంపితే కణంలో అవి కలిసి పూర్తి ప్రోటీన్ తయారవుతుంది. షాంఘైలోని ఫూదాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆరుగురు పిల్లలకు ఈ చికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అమెరికా, ఐరోపాల్లో జరిగిన పరీక్షలూ ఇలాంటి ఫలితాలే చూపాయి. 1 నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న పదిమంది మీద జరిగిన అధ్యయనంలో వినగలిగే కనీస స్థాయి సగటున 106 డెసిబెల్‌ల నుంచి 52కు తగ్గింది. ఈ ఫలితం 2025లో వెలువడింది.

ఈ విజయాన్ని రోమ కణాల పునరుత్పత్తిగా పొరబడకూడదు. అక్కడ కణాలు ఉన్నాయి, లేనిది ఒక ప్రోటీన్ మాత్రమే. శబ్దం వల్లో, మందుల వల్లో, వయసు వల్లో కణాలే పోయినవారికి ఆ చికిత్స పనికిరాదు. జన్యుపరమైన చెవుడు అంతటికీ కూడా అది వర్తించదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి దక్షిణాది ప్రాంతాల్లో రెండు ప్రతులూ చెడితే వచ్చే రకం చెవుడుకు అవకాశం ఎక్కువ. భారతీయుల్లో తరచుగా కనిపించే జీజేబీ2 జన్యు లోపం ప్రధానంగా ఆధార కణాలను దెబ్బతీస్తుంది. దానికి వాహకం, వ్యూహం రెండూ వేరుగా ఉండాలి.

ప్రధాన అవరోధాలు

పరిణత వయసు ఆధార కణాల్లో రోమ కణ జన్యువుల నియంత్రణ భాగాలు రసాయనికంగా మూతబడిపోతాయి. అందువల్ల ఏటోహ్1 ప్రోటీన్ వచ్చినా తలుపు తెరుచుకోదు. ఇది మొదటి అవరోధం.

రెండవది పరిపక్వత. కొత్తగా పుట్టిన కణాలు చాలావరకు పసిదశలోనే ఆగిపోతాయి. పోగుల అమరిక అసంపూర్ణంగా ఉంటుంది, ప్రెస్టిన్ తగినంత తయారు కాదు. అది లోపలి కణమో, వెలుపలి కణమో స్పష్టంగా తేలదు.

మూడవది ముడిసరుకు. ఆధార కణం విభజన లేకుండా రోమ కణంగా మారితే ఒక ఆధార కణం తగ్గిపోతుంది. కోర్టి అంగం నిర్మాణం ఆధార కణాల మీదే నిలబడి ఉంటుంది కాబట్టి ఎక్కువ కణాలు ఇలా మారితే మొత్తం అమరికకే ముప్పు. దీర్ఘకాలపు తీవ్ర చెవుడులో ఆధార కణాలు కూడా పోయి చదునైన పొర మిగులుతుంది. అలాంటి చెవిలో ఏటోహ్1 ప్రభావం చూపలేదని గినీ పందుల్లో తేలింది.

నాలుగవది నాడీ సంబంధం. కొత్త కణానికి శ్రవణ నాడి తంతువు వచ్చి అతుక్కుంటేనే ధ్వని మెదడుకు చేరుతుంది. రోమ కణాలు పోయి ఏళ్లు గడిస్తే ఆ నాడీ కణాలూ క్రమంగా తగ్గుతాయి.

పరీక్షించే తీరులోనూ ఒక చిక్కుంది. బతికున్న మనిషి కాక్లియా నుంచి ముక్క తీసి చూడటం సాధ్యం కాదు. వినికిడి పెరగకపోతే కణాలే పుట్టలేదో, పుట్టి పనిచేయలేదో చెప్పడం కష్టం.

కొత్త దారులు

ఏటోహ్1 ఒంటరిగా చాలదన్న నిర్ణయంతో పరిశోధన జన్యువుల కలయికల వైపు మళ్లింది. జీఎఫ్ఐ1, పౌ4ఎఫ్3 జన్యువులను ఏటోహ్1తో కలిపితే మార్పు మరింత సమర్థంగా జరుగుతుంది. ఐకేజడ్ఎఫ్2 జన్యువు వెలుపలి రోమ కణాల పరిపక్వతకు కీలకమని 2018లో తేలింది. లోపలి, వెలుపలి కణాల తేడాను టీబీఎక్స్2 నిర్ణయిస్తుందని 2022లో వెల్లడైంది. ఇన్ని జన్యువులను 4,700 బేస్‌ల చోటులో ఇమడ్చడం, ఒక్కొక్కటి సరైన సమయంలో పనిచేసి ఆగేలా చూడటం ఇప్పటి సవాలు.

ముడిసరుకు కొరతకు విరుగుడుగా ఆధార కణాలను ముందు విభజింపజేసే పద్ధతి ఉంది. పెద్ద వయసు ఎలుకల్లో మిక్, నాచ్1లను తాత్కాలికంగా చురుకుపరిస్తే కాక్లియా కణాలు మళ్లీ విభజన చెందాయని, ఆ తర్వాత ఏటోహ్1 ఇస్తే రోమ కణాల వంటివి ఏర్పడ్డాయని హార్వర్డ్‌లో ఝెంగ్-యీ చెన్ బృందం 2019లో చూపింది. మిక్ క్యాన్సర్‌తో ముడిపడిన జన్యువు కాబట్టి దాన్ని కచ్చితంగా ఆపగలగాలి.

సమతౌల్య అవయవాల్లో పరిస్థితి కొంత ఆశాజనకం. లండన్ పరిశోధకులు 2018లో, శస్త్రచికిత్సలో తొలగించిన మానవ సమతౌల్య కణజాలానికి ఎడినోవైరస్‌తో ఏటోహ్1ను అందిస్తే రోమ కణాల లక్షణాలు గల కణాలు ఏర్పడ్డాయి. పెద్ద ఎలుకల్లో జన్యు మార్పిడితో ఏటోహ్1ను పెంచినప్పుడు సమతౌల్య శక్తి కొంత తిరిగి వచ్చిందని 2019లో తేలింది. ఈ భాగాలకు సహజంగానే కొంత పునరుత్పత్తి శక్తి ఉంది. కణాల అమరికలోనూ కాక్లియాలో ఉన్నంత కచ్చితత్వం అవసరం లేదు. కాబట్టి పునరుత్పత్తి చికిత్స ముందుగా తూలుడు, సమతౌల్య లోపాల్లో ఫలించవచ్చని కొందరు నిపుణుల అభిప్రాయం.

ప్రస్తుత స్థితి

మనుషుల కాక్లియాలో రోమ కణాలను తిరిగి పుట్టించి వినికిడి రప్పించినట్టు నిరూపితమైన చికిత్స ఇప్పటివరకు ఏదీ లేదు. రోమ కణాలు పోయినవారికి నేడు ఉన్న మార్గాలు వినికిడి యంత్రం, కాక్లియర్ ఇంప్లాంట్. ఇంప్లాంట్ రోమ కణాలను దాటి శ్రవణ నాడికి నేరుగా విద్యుత్ సంకేతం ఇస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ పథకం కింద అర్హులైన చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. పుట్టుకతో చెవుడు ఉన్న పిల్లలకు మాట వచ్చే వయసు దాటక ముందే ఇంప్లాంట్ చేస్తే ఫలితం బాగుంటుంది. భవిష్యత్తు జన్యు చికిత్స కోసం దాన్ని వాయిదా వేయడం తగదు. ఉన్న రోమ కణాలను పెద్ద శబ్దాల నుంచి, చెవికి హాని చేసే మందుల నుంచి కాపాడుకోవడానికి మించిన చికిత్స ప్రస్తుతానికి లేదు.